మనాలి–లేహ్: మోరే మైదానంలో గాలి సంగతి ఏంటి?

జూలైలో 350 సీసీ బండి మీద ఒక్కడినే వెళ్తున్నా అన్నా. ఆ దారిలో పాంగ్ అనే మకాం దాటాక వచ్చే ఎత్తైన మోరే మైదానంలో గాలి బండిని పక్కకి లాగేస్తుందంటున్నారు, అదే టెన్షన్. పెట్రోల్ ఎంత మోసుకెళ్ళాలి?

— మనాలి దాటాక దారిలో వచ్చే తాండి ఊళ్ళో ట్యాంక్ ఫుల్ చెయ్ తమ్ముడూ, తర్వాతి పంపు 365 కిలోమీటర్లని అక్కడి బోర్డు మీదే రాసుంటుంది. 5 లీటర్ల క్యాన్ ఒకటి చాలు, కానీ మూతలో రబ్బరు వాషర్ చూసుకో, నాది కారిపోయి బట్టలన్నీ పెట్రోల్ కంపు.

— గాలి మధ్యాహ్నం నుంచే ముదురుతుంది. పాంగ్‌కి ముందు వచ్చే సర్చు మకాం నుంచి తెల్లారేసరికి బయల్దేరితే ఎండ ముదరకముందే మైదానం దాటేస్తావు. హ్యాండిల్ బిగించి పట్టుకోకు, మోకాళ్ళతో ట్యాంక్ నొక్కి పట్టు. ఎదురుగా లారీ దాటేటప్పుడు గాలి ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఫట్‌మని కొడుతుంది, ముందే స్పీడ్ తగ్గించు.

— అంతకంటే ముందు, తాండి దాటాక వచ్చే జిస్పా ఊళ్ళో రెండు రాత్రులు ఆగు, ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడాలి; తలనొప్పి వస్తే పైకి మాత్రం ఎక్కకు.