అప్‌డేట్: స్వింగ్ డ్యాన్స్ రాత్రికి పాటలు పెట్టాను

సియాటెల్‌లో లిండీ హాప్ (జాజ్ పాటలకు జంటగా చేసే స్వింగ్ డ్యాన్స్) రాత్రికి మొదటిసారి డీజేగా ఏ జాజ్ పెట్టాలని పోయిన నెల అడిగాను కదా, నిన్న అయిపోయింది. వినడానికి బాగున్నవన్నీ కాళ్లకు సరిపోవని మీరన్నది అక్షరాలా నిజం. బీబాప్ (డ్యాన్స్ కంటే వినడానికే నప్పే, వేగంగా చిక్కుగా సాగే జాజ్) అంతా తీసేసి, కౌంట్ బేసీ, చిక్ వెబ్ బ్యాండ్ల 1930ల నాటి రికార్డింగులు పెట్టుకున్నాను. అయినా మొదట్లో నిమిషానికి 200 బీట్లు దాటినవి వరసగా మూడు వేసేసరికి కొత్తవాళ్లంతా గోడవారకు వెళ్లిపోయారు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. వెంటనే 130కి దించి బేసీ బ్యాండ్‌దే ఇంకోటి వేశాను. అందులో ఆ బ్యాండ్ గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్ నాలుగు బీట్లూ నిలకడగా పలుకుతుంటే, ఒక పెద్దాయన మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి పక్కావిడకు చెయ్యి చాచారు. ఆ తర్వాత ఫ్లోర్ ఖాళీ అవలేదు. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. వచ్చే నెల కూడా నన్నే రమ్మన్నారు.