వ్యక్తిగత బ్లాగులో స్పామ్ వ్యాఖ్యలను తగ్గించడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. సొంత సర్వరులో వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెట్టుకొని చాలాకాలంగా ఒక చిన్న బ్లాగు రాస్తున్నాను. వ్యాఖ్యానించేవారు కొద్దిమందే అయినా, వారితో సాగే సంభాషణ వల్లనే రాయాలన్న ఉత్సాహం నాకు నిలుస్తోంది. ఇటీవల ఆ వ్యాఖ్యలు జూదం సైట్లు, అప్పులు, నకిలీ మందుల ప్రకటనల మధ్య కనబడకుండా పోతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం పాత టపాలకే వస్తున్నాయి. మరికొన్ని "మీ వ్యాసం ఎంతో ఉపయోగకరంగా ఉంది" అని మర్యాదగా మొదలవుతాయి గానీ, రాసినవారి పేరు మీద నొక్కితే ఏదో అమ్మకాల సైటు తెరుచుకుంటుంది. ఐపీ చిరునామాలను నిషేధించి చూశాను, ఫలితం కనబడలేదు. క్యాప్చా, అంటే బొమ్మలోని అక్షరాలనో వస్తువులనో గుర్తించి మనిషినని నిరూపించుకోమనే పరీక్ష, పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. అయితే నా పాఠకులలో చూపు లేక స్క్రీన్ రీడర్ సాయంతో చదివేవారు ఉన్నారు. వారికి అడ్డు తగలకుండా ఈ బెడదను తగ్గించే మార్గాలు చెప్పగలరా?

సమాధానం 1

ముందుగా ఐపీ నిషేధం ఎందుకు పనిచేయలేదో చెబుతాను. ఈ వ్యాఖ్యలను పంపే బాట్లు, అంటే మనిషి ప్రమేయం లేకుండా నడిచే ప్రోగ్రాములు, ఒకే యంత్రం నుంచి రావు. యజమానులకు తెలియకుండా చేజిక్కించుకున్న కంప్యూటర్ల నుంచి, అద్దెకు దొరికే ప్రాక్సీల (అసలు చిరునామాను దాచే మధ్యవర్తి సర్వర్ల) నుంచి వస్తాయి కాబట్టి మీరు ఒక చిరునామాను ఆపేలోపే మరొకటి మొదలవుతుంది. పైగా ఆ చిరునామా రేపు ఒక నిజమైన పాఠకునికి దక్కితే నష్టపోయేది అతడే.

వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న చర్చల అమరికలను సరిచేసుకుంటే సగం తలనొప్పి తీరుతుంది. అంతకుముందు ఒక వ్యాఖ్యైనా మీ ఆమోదం పొందినవారివే నేరుగా ప్రచురితం కావాలన్న నిబంధన అమలులో ఉందో లేదో చూడండి. లంకెల సంఖ్యను బట్టి వ్యాఖ్యను ఆమోదం కోసం నిలిపే అమరిక మామూలుగా రెండు దగ్గర ఉంటుంది, దానిని ఒకటికి తగ్గించవచ్చు. పాత టపాలకు వ్యాఖ్యలను మూసివేసే సదుపాయం కూడా అక్కడే ఉంది. అందులో ముందుగా కనిపించే 14 రోజుల గడువు నా దృష్టిలో మరీ తక్కువ. మంచి వ్యాసాన్ని పాఠకులు నెలల తరువాత కూడా వెతుక్కుంటూ వస్తారు కాబట్టి 90 రోజులో, ఆరు నెలలో పెట్టుకోండి.

వేరే బ్లాగు మీ టపాకు లంకె ఇచ్చినట్టు తెలిపే ట్రాక్‌బ్యాకులు, పింగ్‌బ్యాకులు ఈ రోజుల్లో దాదాపుగా స్పామ్‌కే ఉపయోగపడుతున్నాయి, వాటిని ఆపేయండి. అయితే ఈ మార్పు ఇకమీదట రాయబోయే టపాలకే వర్తిస్తుంది. పాతవాటిని టపాల జాబితాలో ఎంచుకొని ఒక్కసారిగా సవరించాలి.

సమాధానం 2

పై అమరికలు స్పామ్ బయటికి కనబడకుండా ఆపుతాయే తప్ప, అది మీ ఆమోదపు వరుసలో పేరుకుపోకుండా ఆపలేవు. అందుకు బాట్లను ముంగిట్లోనే గుర్తించాలి. క్యాప్చా చేసేది కూడా ఆ పనే, కాకపోతే తాను మనిషినని నిరూపించుకునే భారం పాఠకుని మీద పడుతుంది. ఎలాంటి నేరం చేయని పాఠకుణ్ణి పరీక్షించడం కన్నా బాట్ తన పనితీరుతో తానే బయటపడేలా చేయడం న్యాయమని నా అభిప్రాయం.

దీనికి హనీపాట్ అనే పద్ధతి ఉంది. వ్యాఖ్య పెట్టెలో మనుషులకు కనబడని ఒక గడిని ఉంచుతారు. సాదా బాట్ పేజీ ఎలా కనబడుతుందో చూడదు, కోడ్‌లో ఉన్న గడులన్నిటినీ నింపేస్తుంది. ఆ గడి నిండి వచ్చిందంటే పంపింది యంత్రమే. మీ పాఠకులను దృష్టిలో పెట్టుకొని ఒక జాగ్రత్త చెబుతాను. కొన్ని ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు జోడించుకునే అదనపు ప్రోగ్రాములు) ఆ గడిని తెర అంచు బయటికి జరిపి దాచుతాయి. అలా చేస్తే కళ్ళకు కనబడకపోయినా స్క్రీన్ రీడర్ దానిని చదివి వినిపిస్తుంది, పాఠకుడు నిజాయితీగా నింపుతాడు, అతని వ్యాఖ్య స్పామ్‌లో పడుతుంది. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్‌లోని డిస్‌ప్లే నన్ అన్న నియమంతో దాచితే స్క్రీన్ రీడర్లు కూడా దానిని వదిలేస్తాయి. బ్రౌజరు తనంతట తాను ఆ గడిని నింపకుండా ఆటోకంప్లీట్‌ను కూడా ఆపి ఉంచాలి.

సమయాన్ని కొలవడం మరొక మార్గం. పేజీ తెరిచిన రెండు మూడు సెకన్లలోనే వ్యాఖ్య వచ్చిందంటే మనిషి రాసినది కాకపోవచ్చు. అయినా దానిని తొలగించకుండా ఆమోదం కోసం నిలపండి, ఎందుకంటే ముందే వేరేచోట రాసుకొని తెచ్చి అతికించేవారు ఉంటారు. మీ బ్లాగుకు క్యాషింగ్ ప్లగిన్ (పేజీని ఒకసారి తయారుచేసి, ఆ ప్రతినే అందరికీ చూపేది) ఉంటే, పేజీలో ముద్రపడిన సమయం క్యాష్ తయారైనప్పటిది అవుతుంది. అప్పుడు ప్రతి బాటూ గంటల తరబడి ఆలోచించి రాసినట్టు లెక్క తేలుతుంది. అందువల్ల పాఠకుని బ్రౌజరులోనే జావాస్క్రిప్ట్‌తో సమయాన్ని నమోదుచేసే ప్లగిన్‌ను ఎంచుకోండి.

సమాధానం 3

పొగడ్తతో మొదలయ్యే వ్యాఖ్యల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. వాటిలో కొన్ని డబ్బు తీసుకొని మనుషులే రాస్తారు, అక్కడ హనీపాట్ పనిచేయదు. వారికి కావలసింది మీ బ్లాగు నుంచి ఒక లంకె మాత్రమే. సెర్చ్ ఇంజిన్లు లెక్కలోకి తీసుకోకుండా లంకెలకు నోఫాలో గుర్తు పెట్టే పద్ధతి 2005లోనే వచ్చింది, వర్డ్‌ప్రెస్ వ్యాఖ్యల్లోని లంకెలకు దానిని తానే చేరుస్తుంది. అయినా స్పామ్ ఆగలేదు, ఎందుకంటే వేల బ్లాగుల మీద ఒకేసారి విసిరేవారు ఏ బ్లాగులో ఏ గుర్తు ఉందో చూడరు. వ్యాఖ్య పెట్టెలో వెబ్‌సైటు చిరునామా అడిగే గడినే తీసేయండి. మనుషులు రాసే స్పామ్‌కు దీనికి మించిన మందు నాకు తెలియదు.

అకిస్మెట్ అనే సేవ కూడా 2005 నుంచీ ఉంది. ఎన్నో సైట్లలో స్పామ్‌గా తేలినవాటిని ఆధారం చేసుకొని నిర్ణయిస్తుంది కాబట్టి మనుషులు రాసినవాటిని కూడా బాగానే పట్టుకుంటుంది. అయితే వ్యాఖ్యతో పాటు పాఠకుని ఐపీ చిరునామా, ఈమెయిలు కూడా ఆ సంస్థ సర్వర్లకు వెళతాయి. ఆ సంగతిని వ్యాఖ్య పెట్టె దగ్గరే పాఠకులకు తెలియజేయడం మన బాధ్యత. స్పామ్‌గా తీసిన వ్యాఖ్యలు 15 రోజుల తరువాత వాటంతట అవే తొలగిపోతాయి, కాబట్టి వారానికి ఒకసారైనా ఆ అర తెరిచి మంచివాటిని రక్షించండి.

నిషిద్ధ పదాల జాబితాను మాత్రం చాలా జాగ్రత్తగా వాడాలి. వర్డ్‌ప్రెస్ పదం మొత్తాన్ని కాక, పదం లోపలి భాగాన్ని కూడా పోల్చి చూస్తుంది. అప్పుల ప్రకటనలు ఆపుదామని "అప్పు" అని రాస్తే, "అప్పుడు" అని రాసిన ప్రతి తెలుగు వ్యాఖ్యా చెత్తబుట్టలోకి పోతుంది. అలాంటి పదాలను ఆమోదం కోసం నిలిపే జాబితాలోనే రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్యాషింగ్ ప్లగిన్ వాడుతున్న మాట నిజమే, కాబట్టి సమయం కొలిచే విషయంలో ఇచ్చిన హెచ్చరిక నాకు చాలా ఉపయోగపడింది. వెబ్‌సైటు గడిని ఈ రోజే తీసేస్తాను. వ్యాఖ్యానించడానికి సభ్యత్వం తప్పనిసరి చేస్తే ఇవేవీ అవసరం ఉండదని ఒక మిత్రుడు అంటున్నారు. అది మంచిదేనా?

సమాధానం 2 రాసినవారు

మీ బ్లాగుకు నేను అలా సూచించను. రెండు వాక్యాలు రాయడానికి ఖాతా తెరిచి, సంకేతపదం గుర్తుపెట్టుకునే ఓపిక చాలామందికి ఉండదు, మీరు కాపాడుకోవాలనుకుంటున్న సంభాషణే ముందు ఆగిపోతుంది. అంతేకాక సభ్యత్వ నమోదు తెరిచిన మరుక్షణం నుంచి బాట్లు దొంగ ఖాతాలు సృష్టించడం మొదలుపెడతాయి, వాటిని ఏరివేయడం మరో పని అవుతుంది. ముందు వెబ్‌సైటు గడి తొలగించి, హనీపాట్ పెట్టి కొన్ని వారాలు గమనించండి. అప్పటికీ వరుస నిండుతుంటే అకిస్మెట్‌ను చేర్చుకోండి.