ఈసాన్ పల్లెలో ఇంగ్లిష్ టీచర్లుగా వెళ్తున్నాం, అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి

అనకాపల్లి_బెల్లం:
నమస్తే అండి. ఈసాన్‌లో, అంటే ఈశాన్య థాయ్‌లాండ్‌లో, సీసాకేత్ వైపు ఒక పల్లె బడిలో నాకూ, మా ఆవిడకూ ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగాలు వచ్చాయి. మే మధ్యలో బడి తెరుస్తారు, అప్పటికి అక్కడ ఉండాలి. ఆవిడ శాకాహారి. బ్యాంకాక్ గురించి నెట్‌లో బోలెడు దొరుకుతోంది, పల్లె గురించి మాత్రం ఏమీ లేదు. ఇల్లు, తిండి, కాగితాలు, పిల్లలు, దేని గురించైనా సరే చెప్పండి.

ఓరుగల్లు_మాస్టర్:
తమ్ముడూ, ముందుగాల కాగితాలు. పని కోసం ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా చేతికి రాకుండ విమానం ఎక్కకు. "టూరిస్టుగ రా, వచ్చినంక చూస్కుందాం" అనే ఏజెంట్లు మస్తుగున్నరు. వర్క్ పర్మిట్ లేకుండ పాఠం చెప్పుడు అక్కడ నేరం, పట్టుబడితే ఏజెంటు ఫోన్ ఎత్తడు. డిగ్రీ సర్టిఫికెట్‌కు మన విదేశాంగ శాఖ అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్ ఇక్కడే చేయించుకో. మనల్ని నేటివ్ స్పీకర్ల లెక్కల పట్టరు, అందుకే టోయిక్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అడుగుతరు. టీచింగ్ లైసెన్సు లేనోళ్లకు ఖురుసఫా, అంటే వాళ్ల టీచర్స్ కౌన్సిల్, తాత్కాలిక అనుమతి ఇయ్యాలె. దానికి బడే దరఖాస్తు పెడ్తది. పెట్టిన్రా లేదా అని నువ్వే వెంటపడి అడగాలె.

పోయినంక ఇంకో రెండు పనులు. మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నరని ఇంటి ఓనరు 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలపాలె, దాన్ని టీఎం 30 అంటరు. పల్లె ఓనర్లకు చాలామందికి ఆ సంగతే తెల్వదు. ఇగ 90 రోజులకోసారి మీరు అడ్రస్ రిపోర్ట్ చెయ్యాలె. మధ్యల ఇంటికొచ్చేటట్టుంటే రీ ఎంట్రీ పర్మిట్ తీస్కోవాలె, ఒక్కసారికైతే 1,000 బాట్. తీస్కోకుండ దేశం దాటితే వీసా పొడిగింపు రద్దయితది.

ఖోన్‌కేన్_అక్క:
మాస్టర్ గారు కాగితాలు చెప్పేశారు, నేను వంటింట్లోకి వస్తా. ఈసాన్‌లో ప్లా రా అని ఊరబెట్టిన చేపల ద్రవం ఉంటుంది. బొప్పాయి సలాడ్ నుంచి కూరల దాకా అన్నిట్లో పోస్తారు, చూస్తే తెలియదు. అది వద్దన్నా ఫిష్ సాస్ పడుతుంది. మీ ఆవిడ "కిన్ జే" అనడం నేర్చుకుంటే చాలు, మాంసం, చేప, గుడ్డు ఏవీ వెయ్యరు. జే వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. సందులో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది జే హోటల్. పల్లెలో అలాంటివి అరుదు కాబట్టి వంట ఇంట్లోనే అనుకోండి.

కందిపప్పు ఊళ్లో దొరకదు. పొట్టు తీసిన పెసరపప్పు మాత్రం సంతలో ఉంటుంది, వాళ్లు దాంతో మిఠాయిలు చేస్తారు. చింతపండు, ములక్కాడ, మిరపకాయలకు లోటు లేదు. సాయంత్రం సంతలో కూరగాయలు తాజాగా, చవగ్గా ఉంటాయి. ఇంగువ, ఆవాలు, మెంతులు, సాంబారు పొడి వెంట తెచ్చుకోండి.

తెనాలి_పిల్ల:
అక్కా, నేను శాకాహారినే, సీసాకేత్ పక్కనే సురిన్‌లో ఉన్నా. టీచర్లంతా మధ్యాహ్నం చాప మీద కలిసి కూర్చుని తింటారు, నా డబ్బా నేను పట్టుకెళ్లేదాన్ని. మొదట వింతగా చూసేవాళ్లు, తర్వాత నా కోసం వేరే గిన్నెలో ఉడకబెట్టిన గుమ్మడికాయా, జిగురన్నమూ తీసిపెట్టేవాళ్లు. జిగురన్నం చేత్తోనే ముద్ద చేసి తినాలి, మనకు నేర్పక్కర్లేదు. "అన్నం తిన్నావా" అని దారిలో ప్రతివాళ్లూ అడుగుతారు, తిన్నానని నవ్వి సాగిపోవడమే.

ఇంకో మాట. యాప్‌లో థాయ్ నేర్చుకుని వెళ్తే పిల్లలతో సరిపోతుంది. ఇంట్లో ముసలమ్మలు మాట్లాడేది లావోకు దగ్గరగా ఉండే ఈసాన్ భాష. సురిన్, సీసాకేత్ పల్లెల్లో చాలాచోట్ల ఖ్మేర్, కూయ్ కూడా. పిల్లల్లో చాలామంది అవ్వాతాతల దగ్గరే పెరుగుతారు, అమ్మానాన్నలు బ్యాంకాక్‌లోనో రయోంగ్ ఫ్యాక్టరీల్లోనో. పాలమూరు వలసలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. "మీ అమ్మ ఏం చేస్తుంది" అనే పాఠం మొదటి వారంలో పెట్టకండి.

ఓరుగల్లు_మాస్టర్:
మంచి మాట చెప్పినవ్ చెల్లె. క్లాసుల సంగతి నేను చెప్త. పిల్లలు ఎదురు మాట్లాడరు, సప్పుడు చెయ్యకుండ కూసుంటరు. అది తెలివి లేక కాదు, తప్పు చెప్తే నలుగుట్ల పరువు పోతదని. ఒక్కణ్ని లేపి అడిగితే నోరిప్పడు, అందరితోని కలిపి పలికిస్తే గొంతులు లేస్తయి. ఆటలు, పాటలు పెట్టు. ఫెయిల్ చేసుడు దాదాపు ఉండదు, దాని మీద కొట్లాడకు. పొద్దున ఎనిమిదింటికి జెండా, జాతీయ గీతం, అప్పుడు ఎక్కడున్నోళ్లు అక్కడ నిలబడాలె. సోమవారం చాలా బడుల్లో టీచర్లు పసుపు చొక్కా వేస్తరు, రాజుగారు పుట్టిన వారం రంగు. రాజకుటుంబం మీద జోకులు నోట్లకే రానీయకు, 112వ సెక్షన్ కింద ఒక్కో మాటకు 15 ఏండ్ల దాకా జైలు. జూన్‌ల వాయ్ ఖ్రూ అని గురుపూజ ఉంటది, పిల్లలు మోకాళ్ల మీద వచ్చి పూలిస్తరు, కదలకుండ కూసో.

చెన్నై_తెలుగు:
ఎవరూ అనలేదు గానీ నేను అంటాను. మనకిచ్చే జీతం తెల్లవాళ్ల కంటే తక్కువ. ఒకే బడి, ఒకే పని, వేరే లెక్క. ఫిలిప్పీన్స్ టీచర్లకూ ఇదే బాధ. ఏజెన్సీ ద్వారా అయితే సెలవుల నెలలకు జీతమే ఉండకపోవచ్చు. అక్టోబర్‌లోనూ, మార్చి, ఏప్రిల్‌లోనూ డబ్బులిస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి. గౌరవం అంటారా, పల్లెలో అది నిండుగా దొరుకుతుంది, దాంతో అద్దె కట్టలేం.

ఖోన్‌కేన్_అక్క:
నిజమే. ఇల్లు మాత్రం చవకే. చూసేటప్పుడు బావి, మోటారు, దోమతెర చూడండి, ఎండాకాలంలో నీళ్లు సన్నగా వస్తాయి. తాగేందుకు సెంటర్‌లో నాణెం వేస్తే నీళ్లు పట్టే మిషన్లుంటాయి, పెద్ద క్యాన్లు ఇంటికి వేసేవాళ్లూ ఉంటారు. గ్రామపెద్ద పొద్దున్నే మైకులో ప్రకటనలు చదువుతాడు, అలారం అవసరం లేదు. డిసెంబర్, జనవరి రాత్రుళ్లు చలి, ఒక స్వెటర్ పెట్టుకోండి. బండి నడపాలంటే మన ఆర్టీఓ దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, మీ లైసెన్సులో టూవీలర్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు.

అనకాపల్లి_బెల్లం:
అందరికీ దండాలండి. సెలవుల జీతం సంగతి ఈరోజే మెయిల్ పెట్టా. మా ఆవిడ ఒకటి అడగమంటోంది: కుక్కర్ తెచ్చుకోవాలా, అక్కడ కొనుక్కోవచ్చా?

ఖోన్‌కేన్_అక్క:
చిన్నది తెచ్చేసుకోండి. పల్లెల్లో అందరి దగ్గరా కరెంటు రైస్ కుక్కరే ఉంటుంది, విజిల్ కుక్కర్ కనిపించదు. గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి, మన సైజు ఇక్కడ దొరకదు.