రోడ్డుకూ డ్రాగ్ స్ట్రిప్‌కూ ఒకే కార్బురేటర్: 600 వాక్యూమ్ సెకండరీయా, 750 డబుల్ పంపరా?

కొత్తక్యామ్: నాది 350 క్యూబిక్ అంగుళాల వీ8, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, గరిష్ఠంగా 6000 ఆర్‌పీఎం. రోజూ నడిపే ఈ కారునే అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌కు (తిన్నని దారిలో పందెం వేసే ట్రాక్‌కు) తీసుకెళ్తాను. ఇంజిన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బురేటర్ హోలీ కంపెనీది కొనాలనుకుంటున్నాను. 600 వాక్యూమ్ సెకండరీ, 750 డబుల్ పంపర్ (పెడల్‌తోనే సెకండరీలు తెరుచుకునే, రెండు పంపులున్న రకం), ఈ రెండింటిలో ఏది తీసుకోమంటారు?

నీలిమంట: 350ని 6000తో గుణించి 3456తో భాగిస్తే 608 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) వస్తుంది. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే సుమారు 516 సరిపోతుంది కాబట్టి, 600 ధారాళంగా చాలు. పైగా వాక్యూమ్ సెకండరీలు (కార్బురేటర్‌లోని రెండో జత గాలి దారులు) ఇంజిన్‌కు గాలి అవసరమైన మేరకే తెరుచుకుంటాయి కనుక, బరువైన ఆటోమేటిక్ కారులో పెడల్ ఒక్కసారిగా తొక్కినా ఇంజిన్ తడబడదు.

క్వార్టర్‌మైల్: ఆ 85 శాతం ఎక్కడి నుంచి తెచ్చారు? మంచి హెడ్లు, క్యామ్ ఉన్న ఇంజిన్ నూటికి దగ్గరగా నిండుతుంది. నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్ రేటింగును 1.5 అంగుళాల పాదరసం పీడన తేడా దగ్గర కొలుస్తారు. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి చేర్చే గొట్టాల్లో) అంత వాక్యూమ్ మిగిలిందంటే, కార్బురేటరే ఇంజిన్‌కు ఊపిరాడనివ్వడం లేదన్నమాట.

జెట్72: 600 తీసుకుంటే ముందు సెకండరీ డయాఫ్రమ్ స్ప్రింగ్ (సెకండరీలు ఎంత త్వరగా తెరుచుకోవాలో నిర్ణయించేది) మార్చి చూడండి.

నీలిమంట: ఒక దుకాణంవారి మాట నమ్మి నేను 750 డబుల్ పంపర్ బిగించాను. సిగ్నల్ దగ్గర కదిలిన ప్రతిసారీ ఇంజిన్ ముక్కేది, ప్లగ్గులు నల్లబడేవి.

క్వార్టర్‌మైల్: మీ ఐడిల్ వాక్యూమ్‌కు తగిన పవర్ వాల్వ్, పంప్ క్యామ్, షూటర్ (పెట్రోలు ఎప్పుడు, ఎంత అందాలో సర్దే భాగాలు) పెట్టుకోకుండా కార్బురేటర్‌ను నిందించడం న్యాయం కాదు. ట్యూనింగ్ రాకపోతే ఆ మాటే చెప్పండి.

నీలిమంట: ఆ మాట వెనక్కి తీసుకోండి. వాల్వ్ మార్చాను, షూటర్లు మూడు మార్చాను. అసలు మీ కారు స్ట్రిప్‌కు ఎలా వస్తుందో చెబుతారా?

క్వార్టర్‌మైల్: ట్రైలర్ మీద. స్టాల్ ఎక్కువున్న కన్వర్టర్ (ఇంజిన్ వేగం బాగా పెరిగాకే గట్టిగా పట్టుకునేది), 4.56 యాక్సిల్ నిష్పత్తి (వేగంగా దూసుకెళ్లడానికి). సెకనులో పదో వంతు కోసమే నేనీ పని చేస్తున్నాను, దాన్ని వదులుకోమంటే ఒప్పుకోను.

నీలిమంట: కొత్తక్యామ్ గారు అదే కారులో ఇంటికి తిరిగి వెళ్లాలి. ఇంతసేపూ మనం రెండు వేర్వేరు కార్ల గురించి వాదించుకున్నాం.

క్వార్టర్‌మైల్: ట్యూనింగ్ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 85 శాతం లెక్కను మాత్రం ఇప్పటికీ అంగీకరించను. కొత్తక్యామ్ గారూ, మీ యాక్సిల్ నిష్పత్తి ఎంత?

కొత్తక్యామ్: 3.08, కన్వర్టర్ కూడా కారుతో వచ్చినదే.

క్వార్టర్‌మైల్: అలాగైతే 600 తీసుకోండి, దానితో పాటు స్ప్రింగ్‌ల సెట్టు కూడా కొనండి.