బరంపురం నుండి లియోన్‌కు: ఎక్కడ తినాలి, ఏం చూడాలి?

ప్రశ్న: బరంపురం, గంజాం జిల్లా

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఎమ్మెస్ చదువుతున్నాడు. నవంబరు నెలాఖరులో నేనూ మా ఆవిడా వెళ్లి పది రోజులు ఉండి రావాలనుకుంటున్నాం. వాడికి తరగతులు ఉంటాయి కాబట్టి పగలంతా మేమిద్దరమే తిరగాలి. ఎక్కడికి వెళ్లాలిరా అని అడిగితే "అన్నీ ఫోనులో ఉంటాయి నాన్నా" అంటున్నాడు. ఫోనులో ఉన్నవన్నీ చదివే ఓపిక నాకు లేదు. చూసి వచ్చినవారు ఎవరైనా చెబుతారేమోనని ఇక్కడ అడుగుతున్నాను.

మాది నేత కుటుంబం. మా నాన్నగారు బరంపురం పట్టుచీరలు, కుంభం అంచు జోడులు నేసేవారు. నేను బ్యాంకు ఉద్యోగంలో చేరడంతో ఆ పని మా ఇంట్లో ఆగిపోయింది. మగ్గం గుంటను పూడ్చి, ఇప్పుడు దాని మీద సోఫా వేసుకున్నాం. లియోన్ కూడా పట్టు ఊరేనని విన్నప్పటి నుండి దానిని ఆ కంటితోనే చూడాలని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, జకార్డు అన్నది యంత్రం పేరనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది ఆ ఊరి మనిషి పేరని మా అబ్బాయి చెబితేనే తెలిసింది.

మా ఆవిడ గుడ్డు తింటుంది గానీ మాంసం, చేపలు ముట్టదు. నేను చేప, కోడి తింటాను; గొడ్డుమాంసం, పందిమాంసం తినను. వైను రుచి చూడడానికి నాకు అభ్యంతరం లేదు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఆ ఊరి నిండా కొండలే అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: రాయగడ

అన్నగారూ, ఉద్యోగరీత్యా నేను లియోన్‌లో రెండేళ్లు ఉన్నాను. వెళ్లినవారందరూ మొదట నది పక్కనున్న పాత ఊరికి, అంటే వియూ లియోన్‌కు వెళతారు. మీరు మాత్రం మొదటి రోజే క్రువా రూస్ కొండకు వెళ్లండి, ఎందుకంటే నేతగాళ్ల పేట అదే. ఆ ఊళ్లో రెండు కొండలు ఉన్నాయి. సోన్ నదికి పడమట ఉన్న ఫుర్వియేర్‌ను ప్రార్థించే కొండ అనీ, రోన్, సోన్ నదుల నడుమ ఉన్న క్రువా రూస్‌ను పనిచేసే కొండ అనీ అంటారు. ఒక తరం మగ్గం మీద బతికిన ఇంటివారు పనిచేసే కొండ నుండి మొదలుపెట్టడమే న్యాయం.

మోకాళ్ల గురించి బెంగ పెట్టుకోవద్దు. నగరపాలక భవనం దగ్గర మెట్రో సి లైను ఎక్కితే, రంపపు పళ్ల వంటి పట్టాల మీద అదే కొండ ఎక్కి పైన దింపుతుంది. అక్కడి కూడలిలో జోసెఫ్ మరీ జకార్డ్ విగ్రహం ఉంది. ఆయన 1752లో లియోన్‌లోనే పుట్టాడు. చిల్లులు పొడిచిన అట్టలతో పడుగు దారాలను ఎత్తించే ఆయన యంత్రం 1804 నాటిది. అంతకు ముందు పువ్వుల బట్ట నేయాలంటే దారాలు లాగడానికి మగ్గం పక్కన ఇంకొకరు, చాలాసార్లు ఒక పిల్లవాడు, ఉండవలసి వచ్చేది. మన వైపు జకార్డు అట్టలు గుచ్చేవారిని చూసి పెరిగినవారికి ఆ విగ్రహం దగ్గర ఫోటో దిగాలనిపించడం సహజం, నేనూ దిగాను.

అక్కడి నుండి నాలుగడుగులు వేస్తే దివ్రీ వీధిలో మెజోన్ దే కానూ అనే చిన్న ప్రదర్శనశాల వస్తుంది. పట్టు నేతగాళ్లను ఆ ఊళ్లో కానూలు అంటారు. లోపల చేతి మగ్గం మీద నేసి చూపిస్తారు. ఆ చప్పుడును బట్టి మగ్గానికి బిస్తాన్‌క్లాక్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. వివరణ ఫ్రెంచిలో సాగితే మా ఆవిడకేం అర్థమవుతుందని మీరు అనుకోవద్దు. దారం మోసే నాడె అటు నుండి ఇటు రావడం చూస్తే ఆమెకు మిగిలినదంతా తెలిసిపోతుంది.

బయటికి వచ్చాక ఇళ్లను తలెత్తి చూడండి. జకార్డు బిగించిన మగ్గం చాలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి గదుల కప్పులు సుమారు 4 మీటర్ల ఎత్తున కట్టారు, వెలుతురు కోసం కిటికీలు పొడవుగా పెట్టారు. కింద మగ్గం నడిచేది, దాని పక్కన చెక్కతో వేసిన అటక మీద ఇల్లంతా పడుకునేది. మనవాళ్లు మగ్గం కోసం నేలను తవ్వితే వాళ్లు కప్పును పైకి లేపారన్న మాట. దగ్గరలోనే కానూల గోడ అని 1,200 చదరపు మీటర్ల బొమ్మ ఉంది. ఉత్త గోడ మీద 1987లో పేటంతా గీశారు; తర్వాత పేట మారినప్పుడల్లా బొమ్మను కూడా మార్చి గీస్తూ వచ్చారు. ఆ గీసిన మెట్లను నిజం మెట్లని భ్రమపడని మనిషిని నేను చూడలేదు.

దిగేటప్పుడు నడవండి, కాకపోతే మెట్లు దిగడం కూడా మోకాళ్లకు పరీక్షే కాబట్టి నెమ్మదిగా దిగాలి. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి వెళితే ఇళ్ల కడుపులోంచి సాగి మరో వీధిలో తేలే దారులు ఉంటాయి, వాటిని ట్రాబూల్‌లు అంటారు. పట్టు తానులు వానకు తడవకుండా నేతగాళ్లు వీటిలోంచే కిందికి మోసుకువెళ్లేవారు. వొరాస్ ఆవరణ అనే చోట ఆరంతస్తుల రాతి మెట్లు చూసి తీరాలి. వీటిలో జనం కాపురం ఉంటున్నారు, గట్టిగా మాట్లాడితే పైనుంచి కిటికీ తెరుచుకుంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. సావుకారు నూలు ఇచ్చి మజూరీ కట్టే పద్ధతి మీకు తెలుసు కదా. అక్కడా అదే పద్ధతి. 1831లో మజూరీకి ఒక కనీస ధర నిర్ణయించారు, సావుకార్లలో చాలామంది దానిని ఒప్పుకోలేదు. నవంబరులో నేతగాళ్లు ఈ కొండ దిగి వచ్చి కొన్ని రోజుల పాటు ఊరినే చేతుల్లోకి తీసుకున్నారు. పనిచేస్తూ బతకడమో, పోరాడుతూ చావడమో అన్నది వాళ్ల జెండా మీది మాట. 1834లో మళ్లీ లేచారు, ఆ సారి సైన్యం చాలా కఠినంగా అణచివేసింది. మీరు వెళ్లేదీ నవంబరులోనే.

సమాధానం: పర్లాకిమిడి

తిండి సంగతి రాయగడ తమ్ముడు నాకు వదిలిపెట్టినట్టున్నారు. మా చెల్లెలు అక్కడ కాపురం ఉంటున్నందువల్ల నేను రెండుసార్లు వెళ్లి, నెల చొప్పున ఉండి వచ్చాను. నేనూ మాంసం తినను, కనుక వదినగారి కష్టం నాకు బాగా తెలుసు.

ఆ ఊరి సొంత భోజనశాలలను బుషోన్‌లు అంటారు. దగ్గర దగ్గరగా బల్లలు, గళ్ల గుడ్డలు, గట్టి మాటలు, ఇంటి వంట. వాటి అసలు వంటలు పంది, పేగులు, బోటి, కాలేయం మీద నిలబడ్డాయి. బోటిని రొట్టె పొడిలో దొర్లించి వేయించి దానికి సిపాయి తోలు ఏప్రాన్ అని పేరు పెట్టుకున్నవాళ్లతో మనం వాదించలేం. మొదటిసారి నేను సలాడ్ అనే మాట నమ్మి సలాడ్ లియోనేజ్ తెప్పించుకున్నాను. ఆకుల మీద ఉడికించిన గుడ్డు, దాని కింద పంది ముక్కలు. ఆకలితో ఉన్న మనిషికి అంతకంటే అన్యాయం ఉండదు. కాబట్టి వదినగారు ముందే "సాన్ లార్దోన్" అని చెప్పాలి, అంటే పంది ముక్కలు వద్దని. గుడ్డూ, ఆకులూ, ఆవాల పులుపూ కలిసి అప్పుడు చాలా బాగుంటుంది.

ఇక తినదగినవి. సెర్వెల్ ద కానూ అంటే మాటకు నేతగాడి మెదడు. భయపడవద్దు, అది గడ్డకట్టిన పెరుగులాంటి మెత్తని జున్నులో వెల్లుల్లి, ఉల్లికాడల వంటి ఆకు, మిరియాలు, నూనె కలిపిన వంటకం. మెదడు కొనుక్కోలేని పేద నేతగాళ్ల తిండి కనుక ఆ పేరు వచ్చిందని అంటారు. రొట్టెతో తింటే మన పెరుగు పచ్చడి గుర్తుకు వస్తుంది. కెనెల్ అనేది పొడుగాటి కుడుము వంటిది. మామూలుగా పైక్ అనే నదీచేప గుజ్జుతో చేసి రొయ్యజాతి సాసులో ఉడికిస్తారు, అది అన్నగారికి. చేప కలపని కెనెల్ కూడా ఉంటుంది, దానిని "నాత్యూర్" అని అడగాలి. సాసు వేరే వేయమని కూడా చెప్పకపోతే ఆ రొయ్యజాతి సాసుతోనే తెస్తారు. సాన్ మార్సెలాన్ అనే చిన్న గుండ్రని జున్ను చెంచాతో తీసుకునేంత మెత్తగా ఉంటుంది. చివర గులాబీ రంగు ప్రాలీన్ టార్ట్: చక్కెర పట్టించిన బాదం పప్పులను క్రీములో కరిగించి పోస్తారు. మా మనవడు దానిని చూసి పండగ మిఠాయి అన్నాడు, నాకూ అలాగే అనిపించింది.

వేళలు మన వేళలు కావు. మధ్యాహ్నం పన్నెండు నుండి రెండు దాకా పెడతారు, ఆ తర్వాత వెళితే వంటింటి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నరకే. ఆదివారం చాలా బుషోన్‌లు మూసి ఉంటాయి. ముందుగా ఫోను చేసి బల్ల చెప్పుకోవడం మంచిది, ఆ పని మీ అబ్బాయికి అప్పగించండి. సాన్ జాన్ వీధిలో బొమ్మల మెనూ బయట పెట్టి పిలిచే చోట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకుండా 2012 నుండి ఇస్తున్న "లె బుషోన్ లియోనే" గుర్తింపు ఫలకం తలుపు దగ్గర ఉందేమో చూడండి. మంచినీళ్ల సీసా కొనవలసిన అవసరం లేదు. "కారఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు, రొట్టె కూడా ఉచితమే.

వైను పో అనే సీసాలో పోస్తారు. దాని అడుగు గాజు దళసరిగా ఉంటుంది కాబట్టి లోపల పట్టేది 46 సెంటీలీటర్లే. ఉత్తరాన బోజొలే, దక్షిణాన రోన్ లోయ ద్రాక్షతోటలు. బోజొలే కొత్త వైను నవంబరు మూడో గురువారం బయటికి వస్తుంది, మీరు వెళ్లేసరికి ఇంకా ఆ సందడి ఉంటుంది. తెల్లవారకముందే మగ్గం ఎక్కిన నేతగాళ్లు పొద్దున తొమ్మిదికి దిగి, పంది వంటలూ వైనూ పెట్టుకుని తినే చద్దిని మాషోన్ అంటారు. ఇప్పటికీ కొన్ని చోట్ల అది ఉంది. మన చద్దన్నం మజ్జిగ గుర్తున్నవాళ్లకు అది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

ఆ ఊరి వంటకు పేరు తెచ్చింది ఎక్కువగా ఆడవాళ్లు. ధనవంతుల ఇళ్లలో వంట చేసి, తర్వాత సొంత భోజనశాలలు పెట్టుకున్న వారిని అక్కడ అమ్మలు అనే పిలుస్తారు. అలాంటి యూజెనీ బ్రాజియే 1921లో రువాయాల్ వీధిలో తన శాల తెరిచింది. 1933లో ఆమెకున్న రెండు శాలలకూ, భోజనశాలలకు నక్షత్రాలు ఇచ్చే మిషెలిన్ పుస్తకం వారి మూడేసి నక్షత్రాలు వచ్చాయి. పేరుమోసిన వంటగాడు పోల్ బొకూజ్ ఆమె దగ్గర కూడా పని నేర్చుకున్నాడు. ఆయన పేరు పెట్టిన కప్పున్న బజారు పార్ దియూ స్టేషను దగ్గర ఉంది, చూడడానికి బాగుంటుంది, ధరలకు మాత్రం కళ్లు తిరుగుతాయి. రోజువారీ కూరలూ పళ్లూ కొనడానికి క్రువా రూస్ రోడ్డు మీద పొద్దుట పెట్టే సంతే మేలు. సోమవారం తప్ప ఉంటుంది. అన్నం లేక నాలుక పీకినప్పుడు గియోతియేర్ పేటలో బియ్యం, పప్పు, మిరపకాయలు దొరికే ఆసియా దుకాణాలు ఉన్నాయి. మూడో రోజుకే మీకు ఆ అవసరం పడుతుంది.

సమాధానం: జయపురం, కోరాపుట్ జిల్లా

ఇద్దరూ చక్కగా చెప్పారు గానీ, పట్టు పేరుతో ఒక్క కొండకే అతుక్కుపోతే నష్టం. నేను చరిత్ర పాఠాలు చెప్పినవాడిని, కాబట్టి ఫుర్వియేర్ తరఫున ఒక మాట. రోమనులు క్రీ.పూ. 43లో లుగ్దునుమ్ అనే ఊరిని స్థాపించింది ఆ కొండ మీదనే. క్లాడియస్ చక్రవర్తి పుట్టింది ఈ ఊళ్లోనే. సుమారు పదివేల మంది కూర్చోగల రోమను నాటకశాల మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, లోపలికి టికెట్టు లేదు. పాత ఊరి మెట్రో దగ్గర తాడు రైలు ఎక్కితే మోకాళ్లకు పని లేకుండా పైకి చేరుస్తుంది. ఆ కొండ మీది చర్చి వెనకాల నుండి రెండు నదులూ, మబ్బు లేని రోజున ఆల్ప్స్ కొండలూ కనిపిస్తాయి. కింద సాన్ జాన్ పెద్ద చర్చిలో పద్నాలుగో శతాబ్దం నాటి ఖగోళ గడియారం ఉంది. మెట్రో డి లైనులో మోంప్లెజీర్ ల్యూమియేర్ దగ్గర దిగితే, 1895లో ల్యూమియేర్ సోదరుల ఫ్యాక్టరీ నుండి పనివాళ్లు బయటికి వస్తుండగా సినిమా తీసిన చోటు.

తేదీలు ఇంకా ఖాయం కాకపోతే ప్రయాణం ఒక వారం ఆలస్యంగా పెట్టుకోండి. డిసెంబరు 8న ఊరంతా కిటికీల్లో దీపాలు పెడతారు. 1852లో ఫుర్వియేర్ మీద మరియమ్మ విగ్రహం నిలిపిన రోజు నుండి వస్తున్న ఆనవాయితీ అది. ఇప్పుడు ఆ చుట్టూ నాలుగు రోజులు భవనాల మీద రంగుల వెలుగులు వేస్తారు. జనం మాత్రం మీ బుద్ధి ఠాకురాణి యాత్రలో లాగానే ఉంటారు, బస ముందే చూసుకోవాలి. చలి గట్టిగా ఉంటుంది, ఉన్ని బట్టలు మరవవద్దు.

మళ్లీ బరంపురం నుండి

ముగ్గురికీ కృతజ్ఞతలు. డిసెంబరు 1 నుండి 10 దాకా అని తేదీలు మార్చాం, అబ్బాయి బస కూడా మాట్లాడాడు. మొదటి రోజు క్రువా రూస్, రెండో రోజు ఫుర్వియేర్ అనుకుంటున్నాం. "సాన్ లార్దోన్" మా ఆవిడ ఇప్పటికే కంఠస్థం చేసింది. ఒక్క సందేహం మిగిలింది. మా నాన్నగారి నాడె ఒకటి ఇంట్లో ఉంది. మెజోన్ దే కానూలో నేసి చూపించేవారికి దానిని చూపించాలని ఉంది, చేతి సంచిలో పెట్టుకుంటే ఏమైనా అంటారా?

రాయగడ నుండి

తప్పక చూపించండి అన్నగారూ, వాళ్లు తమ నాడెలన్నీ తెచ్చి మీ ముందు పరుస్తారు. కానీ దాని రెండు కొసలకూ ఇనుప మొనలు ఉంటాయి కదా, విమానం ఎక్కే చోట తీసి పక్కన పెట్టేస్తారు. చీరల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో వేయండి.