ఇంగ్లండ్‌లో క్రిస్టియన్ ఏజెన్సీ ద్వారా ఫాస్టరింగ్: మందిరం, అసెస్‌మెంట్, ఇండియా ప్రయాణం గురించి సందేహాలు

ప్రశ్న: అందరికీ వందనాలు. ఇంగ్లండ్‌లో ఉంటున్నాం, ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. పెద్దబ్బాయి యూనివర్సిటీ అయిపోయి వేరే ఊళ్లో స్థిరపడ్డాడు, వాడి గది ఖాళీగా ఉంది. మా సంఘానికి ఒక క్రిస్టియన్ ఫాస్టరింగ్ ఏజెన్సీ (సొంతింట్లో ఉండలేని పిల్లల్ని వేరే కుటుంబాల్లో ఉంచి చూసుకునే సంస్థ) వాళ్లు వచ్చి మాట్లాడినప్పటి నుంచి నాకూ మావారికీ ఇదే ఆలోచన. కౌన్సిల్‌కే (స్థానిక ప్రభుత్వానికే) నేరుగా వెళ్లాలా, ఏజెన్సీకి వెళ్లాలా? వచ్చిన పిల్లల్ని మందిరానికి (చర్చికి) తీసుకెళ్లొచ్చా? ఇంట్లో విషయాలన్నీ గుచ్చి గుచ్చి అడుగుతారట, అదో టెన్షన్.

జవాబు: వందనాలక్కా. మేం ఇలాంటి ఏజెన్సీ ద్వారానే కేరర్లమయ్యాం, అంటే ఇలాంటి పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని చూసుకునేవాళ్లం. ఎటు వెళ్లినా బిడ్డ బాధ్యత కౌన్సిల్‌దే. ఏజెన్సీ మనల్ని పరిశీలించి, ట్రైనింగ్ ఇచ్చి, తర్వాత కూడా తోడుంటుంది. రాత్రిపూట ఇబ్బందొస్తే ఫోన్ ఎత్తేవాళ్లుంటారు, నాకైతే అదే పెద్ద ధైర్యం. కాకపోతే కౌన్సిళ్లు సాధారణంగా ముందు తమ సొంత కేరర్లను చూసుకుని, ఆ తర్వాతే ఏజెన్సీలను అడుగుతాయి. అప్రూవల్ వచ్చినా కొంతకాలం ఎవరూ రాకపోవచ్చు. బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడే అలవెన్స్ వస్తుంది, కాబట్టి దాని మీద ఆధారపడి ఉద్యోగం మానేయకండి.

ఇక మందిరం సంగతి. ఏజెన్సీ క్రైస్తవులదైనా వచ్చే బిడ్డ ఏ మతంవాడైనా కావచ్చు. బిడ్డ మతం, భాష, సంస్కృతి చూడాలని 1989 చిల్డ్రన్ యాక్ట్ కౌన్సిల్‌కి చెబుతోంది. ముస్లిం ఇంటి పాప వస్తే హలాల్ మాంసం మీరే కొనాలి. ఆదివారం మందిరానికి తీసుకెళ్లొచ్చా అన్నది బిడ్డను మన ఇంట్లో ఉంచేటప్పుడు జరిగే ప్లేస్‌మెంట్ మీటింగ్‌లోనే అడిగి కాగితం మీద రాయించుకోండి. రానంటే బలవంతం వద్దు. బాప్తిస్మం అసలు మన చేతిలో లేదు.

సంఘం వాట్సాప్‌లో ప్రార్థన మనవి అని బిడ్డ పేరు, ఫోటో పెట్టేరు, ఎంతమాత్రం వద్దు. మనవాళ్లు ప్రేమగానే అడుగుతారు, "ఎవరి పాప? అమ్మానాన్నలేమయ్యారు?" అని. "మా దగ్గర ఉంటోందండీ" అని మాట మార్చేయండి. ఆ పాప కథ చెప్పుకునే హక్కు ఆ పాపదే.

మనల్ని పరిశీలించే అసెస్‌మెంట్‌కి నెలలు పడుతుంది. దాన్ని ఫారం ఎఫ్ అంటారు. మీ బాల్యం, మీ దాంపత్యం, డబ్బు, ఆరోగ్యం అన్నీ అడుగుతారు. చిన్నప్పుడు నాన్న కొట్టేవారా అనీ అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి, అంతమాత్రాన తీసేయరు. ఫాస్టర్ బిడ్డ మీద మాత్రం చెయ్యెత్తకూడదు, ఇంగ్లండ్ ఫాస్టరింగ్ 2011 నిబంధనల్లోనే ఉంది. టీనేజ్ బిడ్డ తాను గే అని చెబితే ఏం చేస్తారని అడగొచ్చు. భార్యాభర్తలిద్దరూ ముందే దీని గురించి మనసువిప్పి మాట్లాడుకోండి. కార్నర్‌స్టోన్ అనే ఏజెన్సీ కేసులో కోర్టులు ఇదే తేల్చాయి: ఇవాంజెలికల్ క్రైస్తవులనే కేరర్లుగా తీసుకోవచ్చు గానీ, స్వలింగ సంబంధాల్లో ఉన్నారని ఎవరినీ పక్కన పెట్టకూడదు. అప్పీల్ కోర్టు తీర్పు 2021లో వచ్చింది.

ఒక్క మాట. ఆకలి చూసిన పిల్లలు దిండు కింద బ్రెడ్ ముక్కలు దాచుకుంటారు. కనబడితే గద్దించకండి. ఒక డబ్బాలో బిస్కెట్లు, అరటిపండు పెట్టి "ఇది నీదే, ఎప్పుడైనా తిను" అని మంచం పక్కన ఉంచండి. ఖాళీ అయినప్పుడల్లా నింపండి. దాచుకోవడం మెల్లగా తగ్గుతుంది.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ తమ్ముడూ. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి కొన్ని నెలలు ఉంటారు. మేమూ అప్పుడప్పుడు ఊరికి వెళ్తాం. ఇబ్బందా?

జవాబు: అత్తగారి సంగతి మొదటి రోజే చెప్పండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూడటం) చేస్తారు, విదేశాల్లో ఉన్నవాళ్లకి అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. ఇండియాకి బిడ్డను తీసుకెళ్లాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి, కొన్ని కేసుల్లో సొంత తల్లిదండ్రుల ఒప్పుకోలు కూడా. బిడ్డ తన అమ్మానాన్నలను కలిసే రోజులు కూడా చూసుకోవాలి. కుదరకపోతే ఆ కొద్దిరోజులు వేరే అప్రూవ్డ్ కేరర్ దగ్గర ఉంచుతారు. టికెట్లు కొనకముందే సోషల్ వర్కర్‌ని అడగండి.