అమ్మమ్మ ఏడురాళ్ల దుద్దులతో ఉంగరం చేయించాలి, మీ అనుభవాలు చెప్పండి

పాలపిట్ట:
అమ్మమ్మ వజ్రాల ఏడురాళ్ల దుద్దులు నాకొచ్చాయి. వెనకంతా మూసేసిన పాతకాలపు పని. నా చెవులు ఆ బరువు మోయలేవు. ఒక దుద్దు రాళ్లతో నాకు రోజూ పెట్టుకునే ఉంగరం, రెండోదాంతో చెల్లికి లాకెట్ చేయిద్దామని ఉంది. 22 క్యారెట్లా, 18 క్యారెట్లా? రాళ్లు మారకుండా ఏం చేయాలి? జుట్టుకీ చీరకీ పట్టుకోని డిజైన్ ఏది?

గుంటూరు కోడలు:
జత మాత్రం విడగొట్టకండి. మా అత్తగారి దుద్దులు చెరొకటి తీసుకోమన్నారు. నేను ససేమిరా అన్నాను. ఇప్పుడు ఎవరింట్లో పెళ్లయితే వాళ్లు పెట్టుకుంటాం. ఆడపడుచు కూడా మంచి పని చేశావంటుంది.

మజూరీ మంట:
రాళ్లు మారే సంగతి నన్నడగండి. పాత నెక్లెస్ ఇస్తే ఒక షాపులో చీటీ మీద మొత్తం తూకం మాత్రం రాశారు. ఎన్ని రాళ్లు, ఎన్ని సెంట్ల బరువు అన్నది లేదు. తిరిగొచ్చాక మధ్య రాయి మెరుపే వేరు. పాలిష్ వల్ల అన్నారు. పైగా తరుగు, మజూరీ! రాళ్లు మీ కళ్లముందే విప్పించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

మూడోతరం:
మాది మూడు తరాలుగా రాళ్లు పొదిగే వృత్తి. ఉంగరం 18లోనే చేయించండి, రెండో మాట లేదు. 22లో నూటికి 91.6 వంతులు బంగారమే, అది మెత్తన. చెయ్యి రోజంతా గిన్నెలకీ తలుపులకీ తగులుతుంది. రాయిని పట్టుకున్న సన్నటి గోళ్లు, అంటే ప్రాంగ్‌లు, వంగి రాయి జారిపోతుంది. 18లో బంగారం 75 వంతులు, మిగతా లోహం వల్ల గట్టిదనం వస్తుంది.

కాసులపేరు:
మా నానమ్మ వజ్రపుటుంగరం 22. ఆవిడ అంట్లు తోమింది, రుబ్బురోలు తిప్పింది. ఒక్క రాయీ ఊడలేదు. రేపు అవసరమొచ్చి అమ్ముకుంటే 18కి ఏమొస్తుంది?

మూడోతరం:
ఆ ఉంగరానికి ప్రాంగ్‌లు ఉండి ఉండవండీ. రాయి చుట్టూ బంగారం ఒత్తి ఉంటారు. అలాంటి పనికి 22 ఆగుతుంది. ఈ రెండూ ఒకటి కాదు.

డాలస్ పద్మ:
ఇక్కడ 14 క్యారెట్లే ఎక్కువ. నా ఎంగేజ్‌మెంట్ ఉంగరం అదే, రోజూ పెట్టుకుంటాను, భేషుగ్గా ఉంది.

కాసులపేరు:
14 అంటే సగానికి కాస్త ఎక్కువే బంగారం. దాన్ని మా ఊళ్లో ఎవరూ ముట్టుకోరు.

డాలస్ పద్మ:
నేను అమ్ముకోడానికి కొనలేదండీ. మాట కాస్త మర్యాదగా రానివ్వండి.

కృష్ణ ఒడ్డు:
వెనక మూసిన పాత రాళ్లంటే అవి గోల్కొండ వజ్రాలే అయుంటాయి! ముట్టుకోకండి, కోట్లు పలుకుతాయి.

మూడోతరం:
ప్రతి పాత రాయీ గోల్కొండ కాదు. మనవైపు పెద్దవాళ్లు గొప్పగా చెప్పే బ్లూ జాగర్ వజ్రాల పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గనిది. గోల్కొండ వజ్రాలు దొరికిన కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్లకింద ఉన్నాయి.

సీమ బిడ్డ:
కొల్లూరు పోతేనేం, తొలకరి పడితే మా జొన్నగిరి పొలాలకు రండి. పిల్లాపాపలతో చద్దిమూటలు కట్టుకుని వజ్రాలు వెతికేవాళ్లు కనిపిస్తారు.

పాలపిట్ట:
జొన్నగిరి సంగతి తర్వాత. నా ఉంగరం డిజైన్ ఎవరైనా చెప్పండి.

మూడోతరం:
ముందొకటి వినండి. మూసిన పనిలో రాయి కింద తరచుగా రేకు వేస్తారు. తెల్లదనం చాలావరకు దాని చలవే. విప్పాక పసుపు ఛాయ తేలొచ్చు. అది చూసి రాయి మార్చారని కంసాలి మీద పడతారు చాలామంది.

మజూరీ మంట:
అంటే నేను అబద్ధం చెబుతున్నానా? నాది వెనక తెరిచి ఉన్న నెక్లెస్. రేకు ఎక్కడిది? మీ వృత్తివాళ్లని వెనకేసుకు రాకండి.

మూడోతరం:
మిమ్మల్ని అనలేదు. అనుమానం రాకుండా ఉండాలంటే విప్పిన వెంటనే ల్యాబ్‌లో చూపించి, రాయి రాయికీ లోపలి మచ్చల పటం వేయించుకోవాలి. ఏ రెండు రాళ్ల మచ్చలూ ఒకలా ఉండవు. హాల్‌మార్క్‌లో ఉండే ఆరక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ బంగారానికే, రాయికి కాదు.

గుంటూరు కోడలు:
ఇంత తలనొప్పి ఎందుకని నేను మొదటే అన్నాను. దుద్దులు అలాగే ఉంచి, బరువు ఆపే మాటీలు చేయించుకోండి.

డాలస్ పద్మ:
పాలపిట్ట గారూ, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, ఆ పువ్వు అలాగే ఉంచి ఎత్తు తగ్గించమనండి. అంచు చుట్టూ బంగారం ఒత్తితే దారం పట్టుకోదు. రింగు చుట్టూరా రాళ్లు మాత్రం వద్దు, వేలు లావైతే సైజు పెంచడం కుదరదు.

కాసులపేరు:
బంగారం ఒత్తే పనయితే 22లోనే చేయించుకోవచ్చు, ఇందాక మూడోతరం గారే ఒప్పుకున్నారు.